శిక్ష పడింది... మరి గాయం?

దొంగ దొరికాడు. కోర్టు శిక్ష వేసింది. జైలు తలుపులు మూసుకున్నాయి. న్యాయం జరిగిపోయిందని అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. ఒక్క మనిషికే ఇంకా నిద్ర పట్టడం లేదు... సొమ్ము పోగొట్టుకున్న మనిషికి! ఆ మనిషి గురించి ముందుగా ఆలోచించేదే 'రిస్టోరేటివ్ జస్టిస్'. మన మాటల్లో చెప్పాలంటే పునరుద్ధరణ న్యాయం. నేరశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయాలు దాన్ని పాఠంగా బోధించడమే కాదు, నిజంగా పనిచేస్తుందా లేదా అని పరీక్ష పెట్టి మరీ చూస్తున్నాయి.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఎల్మైరా అని ఓ చిన్న ఊరు. 1974 మే నెలలో ఓ రాత్రి ఇద్దరు కుర్రాళ్లు పూటుగా తాగి వీధుల్లో పడ్డారు. కార్ల టైర్లు కోశారు. కిటికీల అద్దాలు పగలగొట్టారు. తెల్లారేసరికి ఊళ్లో 22 చోట్ల విధ్వంసం. పోలీసులు పట్టుకున్నారు, ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారు. మామూలుగా అయితే జరిమానానో జైలో వేస్తారు, కథ కంచికి వెళుతుంది.

కానీ ఆ కేసు చూస్తున్న ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీకి ఓ ఆలోచన వచ్చింది. ఈ ఇద్దర్నీ ఆ ఇళ్లకే పంపి, నష్టపోయినవాళ్లతో ముఖాముఖి మాట్లాడిస్తే? చట్టంలో ఎక్కడా లేని పద్ధతి అది. అయినా న్యాయమూర్తి చివరికి సరేనన్నారు. కుర్రాళ్లు ఒక్కో గడపా ఎక్కారు. ఊరు విడిచి వెళ్లిపోయిన ఇద్దరు తప్ప మిగతా బాధితులందర్నీ కలిశారు. ఎవరికెంత నష్టమైందో వాళ్ల నోటే విన్నారు. కొన్ని నెలల తర్వాత ఆ డబ్బు పట్టుకుని మళ్లీ అవే తలుపులు తట్టారు.

ఈ సంఘటనకు ఓ కొసరు ఉంది. దాదాపు 28 ఏళ్ల తర్వాత అదే ఒంటారియోలో ఓ కాలేజీ తరగతి. న్యాయం, భద్రత అనే కోర్సు. పాఠం చెప్పడానికి వచ్చిన అతిథి 'ఎల్మైరా కేసు' గురించి వివరిస్తున్నారు. వింటున్న విద్యార్థుల్లో నడివయసు వ్యక్తి ఒకరు ఉలిక్కిపడ్డారు. ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు ఆయనే! తాము చేసిన ఆగడం ప్రపంచమంతా చెప్పుకునే పాఠమైందని అప్పటిదాకా ఆయనకు తెలియదు. తర్వాత ఆయన కూడా బాధితులకూ నేరం చేసినవారికీ మధ్య మాటలు కలిపే పనిలో స్వచ్ఛందంగా చేరారు.

ఎల్మైరాలో జరిగింది ఒక మంచి ప్రయత్నం. అది తరగతి గదిలోకి ఎలా వచ్చింది? అక్కడ ఏ ప్రశ్నలు ఎదుర్కొంది?

కేసు ఎవరి సొత్తు?

రైతుబజారు నుంచి నడిచి వస్తున్న గృహిణి మెడలో గొలుసు ఎవరో తెంచుకుపోయారనుకుందాం. ఆమె స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇస్తుంది. దొంగ దొరికాక కేసు కోర్టుకు వెళుతుంది. ఆ కేసు పేరేమిటి? 'ప్రభుత్వం వర్సెస్ ఫలానా నిందితుడు.' అందులో ఆమె పేరుండదు. గొలుసు పోయింది ఆమెది, కేసు మాత్రం ప్రభుత్వానిది! కోర్టు కాగితాల్లో ఆమె 'పీడబ్ల్యూ-1'... అంటే ప్రాసిక్యూషన్ తరఫు ఒకటో సాక్షి. పిలిచినప్పుడు రావాలి. అడిగినదానికే జవాబు చెప్పాలి. ఆ రోజు నుంచీ వెనక బండి చప్పుడైతే గుండె ఝల్లుమంటోందని చెప్పుకోవడానికి అక్కడ చోటుండదు. 'అంతమందిలో నన్నే ఎందుకు ఎంచుకున్నావ్?' అని దొంగను అడగడానికి అసలే ఉండదు.

ఈ అన్యాయాన్ని పండితుల భాషలో కాకుండా సూటిగా చెప్పిన వ్యక్తి నార్వేకు చెందిన నిల్స్ క్రిస్టీ. ఓస్లో విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర ఆచార్యులు. 1976లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా నేరశాస్త్ర కేంద్రాన్ని తెరుస్తూ ఆయన్ను ప్రారంభోపన్యాసానికి పిలిచింది. ఆయన వచ్చి, అసలు ఇలాంటి కేంద్రాలు తెరవడం కన్నా మూసేయడం మేలేమో అంటూ మొదలుపెట్టారు! ఆ తర్వాత అసలు సంగతిలోకి వచ్చారు. మనుషుల మధ్య వచ్చే తగవు కూడా ఒక ఆస్తిలాంటిదే. దాని మీద హక్కు ఆ మనుషులదే. లాయర్లు, అధికారులు, నిపుణులు కలిసి ఆ ఆస్తిని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నారు. బాధితుడు రెండుసార్లు నష్టపోతున్నాడు... ఒకసారి దొంగ చేతిలో, రెండోసారి వ్యవస్థ చేతిలో. ఇదీ ఆయన వాదన. మరుసటి ఏడాది అచ్చయిన ఆ ఉపన్యాసం ఇప్పటికీ పునరుద్ధరణ న్యాయం చదివే విద్యార్థులకు తొలి పాఠాల్లో ఒకటి. 2015లో క్రిస్టీ కన్నుమూశారు.

మూడు ప్రశ్నలు మారిస్తే...

అమెరికాలో ఈ ఆలోచనకు రూపమిచ్చినవారు హోవార్డ్ జెర్. నల్లజాతివారి చదువుల కోసం పుట్టిన మోర్‌హౌస్ కాలేజీ నుంచి 1966లో పట్టా అందుకున్న తొలి శ్వేతజాతీయుడాయన. చరిత్రలో డాక్టరేట్ చేశారు. 1970ల చివర్లో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో ఎల్మైరా తరహా కార్యక్రమాన్ని నడిపించారు. ఆ అనుభవంతో 1990లో 'ఛేంజింగ్ లెన్సెస్' పుస్తకం రాశారు. ఫొటోగ్రఫీ ఆయనకు ప్రాణం. అందుకే పుస్తకం పేరులోనూ కెమెరా కటకమే! కటకం మారిస్తే బొమ్మ మారినట్టు, ప్రశ్న మారిస్తే న్యాయం మారుతుందన్నది ఆయన మాట.

మామూలు న్యాయం అడిగేవి మూడు: ఏ చట్టం ఉల్లంఘించారు? ఎవరు చేశారు? ఎంత శిక్ష వేయాలి? జెర్ వాటి స్థానంలో మరో మూడు పెట్టారు: ఎవరికి హాని జరిగింది? వాళ్లకు ఇప్పుడు ఏం కావాలి? దాన్ని తీర్చాల్సిన బాధ్యత ఎవరిది? 1996లో వర్జీనియాలోని ఈస్టర్న్ మెనోనైట్ విశ్వవిద్యాలయంలో చేరి ఆయన ఈ మూడు ప్రశ్నలనే ఒక కోర్సుగా మలిచారు. ఒకవైపు యావజ్జీవ ఖైదీలను ఫొటోలు తీసి వాళ్ల మాటలతో పుస్తకం వేశారు. మరోవైపు ఘోరమైన నేరాల్లో ఆప్తులను పోగొట్టుకున్నవారితో ఇంకో పుస్తకం తెచ్చారు. రెండు వైపులా వినాలన్నదే ఆ రెండు పుస్తకాల సారం.

వలయంలో ఏం జరుగుతుంది?

పునరుద్ధరణ న్యాయం అంటే 'సారీ చెప్పించి వదిలేయడం' అనుకుంటే పొరపాటే. దానికో క్రమం ఉంది. నేరం చేసిన వ్యక్తి ముందుగా తన తప్పు ఒప్పుకోవాలి. 'నేను చేయలేదు' అంటే దారి కోర్టుకే. బాధితులు తమంతట తాము ఇష్టపడాలి, మధ్యలో వద్దనిపిస్తే లేచి వెళ్లిపోవచ్చు. శిక్షణ పొందిన నిర్వాహకుడు రెండు పక్షాలనూ విడివిడిగా కలిసి సిద్ధం చేస్తాడు. ఈ పనికే ఎక్కువ సమయం పడుతుంది. ఆ తర్వాతే అందరూ ఒకచోట గుండ్రంగా కూర్చుంటారు. ఏం చేశాడో నేరం చేసినవాడు తన నోటితో చెప్పాలి. దానివల్ల ఏమైందో బాధితులు చెబుతారు. ఇరువైపుల కుటుంబాలూ మాట్లాడతాయి. చివర్లో నష్టం పూడ్చడానికి ఎవరేం చేయాలో కాగితం మీద రాసుకుంటారు. క్షమించి తీరాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

దీన్ని చట్టంగా మార్చి దేశమంతటా అమలు చేసిన మొదటి దేశం న్యూజిలాండ్. తమ పిల్లలను కుటుంబాల నుంచి విడదీసి సంస్థల్లో పడేస్తున్నారని అక్కడి మావోరీలు చాలాకాలం మొత్తుకున్నారు. దాంతో 1989లో కొత్త చట్టం వచ్చింది. హత్యలాంటి కేసులు మినహా, నేరం చేసిన పిల్లల విషయంలో 'కుటుంబ సమావేశం' ప్రధాన మార్గమైంది. తల్లిదండ్రులే కాదు... తాతలు, మేనమామలు, పినతల్లులు అంతా వచ్చి కూర్చుంటారు. మధ్యలో అధికారులు బయటికి వెళ్లిపోతారు. పిల్లాడి విషయం కుటుంబమే మాట్లాడుకుని ఓ ప్రణాళికతో ముందుకొస్తుంది.

అదే 1989లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బ్రైత్‌వెయిట్ ఓ పుస్తకంతో దీనికి సిద్ధాంత బలం తెచ్చారు. ఆయన పట్టుకున్న విషయం మనకు బాగా తెలిసిందే... సిగ్గు! పక్కింటి చెట్టు మామిడికాయలు కోసుకొచ్చిన కొడుకును తల్లి 'నువ్విలాంటి పని చేస్తావా? పద, వెళ్లి ఇచ్చిరా' అంటుంది. పని తప్పంటుంది, కొడుకును కాదనదు. అదే ఊరంతా కలిసి 'దొంగ వెధవ' అని ముద్ర వేసిందనుకోండి. ఆ పిల్లాడికి దగ్గరయ్యేది మరో దొంగే. మొదటి సిగ్గు మనిషిని వెనక్కి తెస్తుంది, రెండోది శాశ్వతంగా బయటికి నెట్టేస్తుంది. జైలు చేస్తున్నది రెండో పని అన్నది బ్రైత్‌వెయిట్ వాదన.

మందులాగే పరీక్ష

వాదన బాగానే ఉంది. నిజమేనా? ఇక్కడే విశ్వవిద్యాలయాల అసలు పాత్ర మొదలైంది. కొత్త మందు వస్తే ఏం చేస్తారు? రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు పాత వైద్యం ఇచ్చి తేడా చూస్తారు. న్యాయానికీ అలాగే పరీక్ష పెట్టారు లారెన్స్ షెర్మన్, హెదర్ స్ట్రాంగ్ అనే పరిశోధకులు.

1995 నుంచి 2000 వరకు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో ఆ ప్రయోగం సాగింది. తాగి బండి నడపడం, యువకుల హింసాత్మక నేరాలు, బాలల దొంగతనాలు, దుకాణాల్లో చేతివాటం... ఇలా నాలుగు రకాల కేసులు తీసుకున్నారు. ఏ కేసు కోర్టుకు వెళ్లాలో, ఏది వలయంలోకి రావాలో పోలీసుల ఇష్టానికి వదల్లేదు. చీటీ ఏది వస్తే అది!

ఫలితాలు ఒకే తీరుగా లేవు. హింసకు పాల్పడిన యువకుల్లో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కోర్టుకు వెళ్లినవారితో పోలిస్తే, వలయంలో కూర్చున్నవారు తర్వాతి ఏడాదిలో ప్రతి వందమందికీ 38 నేరాలు తక్కువగా చేశారు. బాలల దొంగతనాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తాగి బండి నడిపినవారిలో నేరాలు కాస్త పెరిగాయి కూడా. కారణం ఊహించడం కష్టం కాదు. తాగి నడిపి ఎవరినీ గుద్దకుండా దొరికినవాడికి ఎదుట కూర్చుని 'నువ్వు నన్ను ఇంత బాధపెట్టావు' అని చెప్పే మనిషి లేడు. బాధితుడి గొంతు లేని చోట ఈ మందు పనిచేయడం కష్టమే.

బాధితుల సంగతేమిటి? హింసకు గురైనవారిని స్ట్రాంగ్ ఓ ప్రశ్న అడిగారు... అవకాశం దొరికితే అతడికి మీరు హాని చేస్తారా? కోర్టుకు వెళ్లినవారిలో నూటికి 45 మంది చేస్తామన్నారు. వలయానికి వెళ్లినవారిలో అలా అన్నవాళ్లు 9 మందే. పగ చల్లార్చడంలో రెండింటికీ అంత తేడా! అయితే ఆమె పరిశోధనలోనే మరో చేదు నిజం బయటపడింది. 'మీకు సమావేశం ఏర్పాటు చేస్తాం' అని ఆశపెట్టి, చివరికి జరపలేకపోయిన సందర్భాలున్నాయి. ఆ బాధితులు అందరికన్నా ఎక్కువ కోపంతో మిగిలారు. ఇచ్చిన మాట తప్పితే మానుతున్న గాయాన్ని మళ్లీ రేపినట్టే.

తర్వాత ఇంగ్లండు వంతు. అక్కడ దొంగతనాలు, దోపిడీలు, దాడుల్లాంటి పెద్ద నేరాల్లో, పెద్దవాళ్లతో కూడా ఈ పద్ధతి ప్రయత్నించారు. ఫలితాలను షెఫీల్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జోవన్నా షాప్‌లాండ్ బృందం 2001 నుంచి పరిశీలించింది. ఒకప్పుడు క్రిస్టీ 'మూసేయడం మేలేమో' అన్న ఊరు అదే కదా! సమావేశానికి వచ్చిన బాధితుల్లో నూటికి 85 మంది తృప్తిగా ఉందన్నారు. మళ్లీ నేరం చేసి శిక్ష పడటం సగటున 14 శాతం తగ్గిందని 2008 నివేదిక చెప్పింది. 2013లో స్ట్రాంగ్, షెర్మన్ తదితరులు మూడు ఖండాల్లో జరిగిన పది ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్క చూశారు. నేరాలు తగ్గిన మాట నిజం, అయితే ఓ మోస్తరుగానే. దొంగతనాల కన్నా హింసాత్మక నేరాల్లోనే ఎక్కువ ఫలం. 'చిల్లర నేరాలకైతే సరే, పెద్దవాటికి జైలే దిక్కు' అనే మామూలు నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు!

'సారీ'ల మధ్య అగాధం

మంచి పాఠం అంటే మెచ్చుకోలు ఒక్కటే కాదు. ఈ కోర్సులో విమర్శకులనూ చదివిస్తారు. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన కాథ్లీన్ డాలీ దక్షిణ ఆస్ట్రేలియాలో ఇలాంటి సమావేశాలను దగ్గరుండి పరిశీలించారు. నేరం చేసిన పిల్లల్లో నూటికి 61 మంది నిజంగానే బాధపడి క్షమాపణ చెప్పామన్నారు. కానీ బాధితుల్లో ఆ మాట నమ్మినవాళ్లు నూటికి 27 మందే! నేల చూపులు చూస్తూ గొణిగిన 'సారీ'ని అవతలివాళ్లు ఎలా నమ్ముతారు? నిజాయతీగా, పద్ధతిగా సమావేశం జరపడం తేలికే... మనసులు కలపడం అంత తేలిక కాదని ఆమె తేల్చారు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యురాలు అనలీస్ ఎకార్న్ ఒకప్పుడు ఈ ఉద్యమాన్ని అభిమానించినవారే. తర్వాత 2004లో దాన్ని విమర్శిస్తూ ఏకంగా పుస్తకమే రాశారు. కరుణ చూపమని బాధితుల మీద ఒత్తిడి తేవడం ఏం న్యాయమని అందులో నిలదీశారు.

జైలే తరగతి గది అయితే...

మరి ఇవన్నీ విద్యార్థులకు ఎలా చెబుతారు? పుస్తకాలతో పాటు నటన కూడా ఉంటుంది. ఒకరు దొంగ, ఒకరు బాధితురాలు, ఒకరు దొంగ తల్లి... వలయంగా కూర్చుని ఓ కేసు నడిపిస్తారు. దొంగ పాత్ర వేసినవాళ్లు కూడా 'వాళ్లమ్మ' ఎదుట తలెత్తలేకపోవడం అప్పుడు తెలిసొస్తుంది.

అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో లోరీ పొంపా అనే అధ్యాపకురాలు ఇంకో అడుగు ముందుకేశారు. ఓసారి విద్యార్థులను జైలు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు ఓ యావజ్జీవ ఖైదీ ఆమెకో సలహా ఇచ్చారు... ఇలా వచ్చి చూసిపోవడం కన్నా, మేమూ మీరూ కలిసి ఒక కోర్సు చదివితే బాగుంటుంది కదా అని. 1997లో ఆమె దాన్ని నిజం చేశారు. 'ఇన్‌సైడ్-అవుట్' పేరుతో లోపలి విద్యార్థులూ బయటి విద్యార్థులూ పక్కపక్కనే కూర్చుని నేరం గురించి, న్యాయం గురించి చదువుతారు. చిన్న పేర్లతోనే పిలుచుకోవాలి. కోర్సు అయ్యాక ఎవరూ ఎవరినీ వెతుక్కోకూడదు. ఈ నియమాలు చాలా గట్టివి. తర్వాత ఇతర దేశాలకూ పాకిన ఈ పద్ధతి 2014లో ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయానికీ చేరింది.

ఇంచుమించు అదే రోజుల్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ నేరశాస్త్ర సంస్థ 'లెర్నింగ్ టుగెదర్' పేరుతో ఇలాంటిదే మొదలుపెట్టింది. నిజానికి అది పునరుద్ధరణ న్యాయం కాదు, దాని ఇరుగుపొరుగు. నేరం చేసినవారితో కలిసి కూర్చోవాలన్న నమ్మకం మాత్రం రెండింటిదీ ఒకటే. 2019 నవంబరు 29న లండన్ బ్రిడ్జి పక్కనున్న ఫిష్‌మాంగర్స్ హాల్లో ఆ కార్యక్రమం అయిదేళ్ల పండుగ. ఉగ్రవాద కేసులో శిక్ష అనుభవించి, షరతుల మీద బయటికొచ్చిన ఉస్మాన్ ఖాన్ కూడా ఆహ్వానితుడే. మధ్యాహ్నానికి అతడు కత్తులతో దాడికి దిగాడు. జాక్ మెరిట్, సాస్కియా జోన్స్ ప్రాణాలు కోల్పోయారు. ఒకరికి 25 ఏళ్లు, మరొకరికి 23. ఇద్దరూ కేంబ్రిడ్జిలో నేరశాస్త్రం చదివినవారే. జాక్ ఆ కార్యక్రమ సమన్వయకర్త. బాధితులకు అండగా నిలిచే పోలీసు ఉద్యోగం చేయాలని సాస్కియా కోరిక.

ఆ రోజు ఖాన్‌ను ఎదిరించిన వాళ్లలో హత్య కేసులో శిక్ష అనుభవిస్తూ ఒక్క రోజు సెలవు మీద వచ్చిన ఖైదీ ఒకరు ఉన్నారు. ఆ సాహసానికి 2020లో రాణి క్షమాధికారం కింద ఆయన శిక్షలో పది నెలలు తగ్గించారు. అంటే మనిషి మారతాడనే నమ్మకాన్ని అదే గదిలో ఒకడు కాలరాస్తే, ఇంకొకరు నిలబెట్టారు! తన కొడుకు చావును సాకుగా చూపి శిక్షలు పెంచొద్దని జాక్ తండ్రి కోరారు. అయితే నమ్మకం ఉంటే సరిపోదు, జాగ్రత్త కూడా కావాలి. ఖాన్‌ను కనిపెట్టుకుని ఉండాల్సిన సంస్థల మధ్య సమాచారం సరిగా నడవలేదని, భద్రతలో లోపాలున్నాయని 2021లో విచారణ జ్యూరీ స్పష్టం చేసింది. ఇప్పుడు నేరశాస్త్ర అధ్యాపకులు తప్పించుకోలేని పాఠం అది.

రచ్చబండకూ దీనికీ తేడా

ఇదంతా వింటే మనవాళ్లకు చప్పున గుర్తొచ్చేది రచ్చబండ. 'మన ఊళ్లలో పెద్దమనుషులు చేసింది ఇదేగా' అనిపిస్తుంది. కొంత నిజమే. నష్టపోయినవాడికి నష్టం కట్టించడం, ఊరి ఎదుట తప్పు ఒప్పించడం మనకు కొత్త కాదు. కానీ ఆ పెద్దలు ఎవరి పక్షం? కులపెద్దలు 'తప్పు' వేస్తే కాదనే దమ్ము ఎవరికుంది? ఆడవాళ్లకు అక్కడ నోరెత్తే హక్కుందా? వెలివేతలు పుట్టింది కూడా ఆ అరుగుల మీదే కదా! పాతకాలపు పంచాయతీలను బంగారంలా చూపించి మురిసిపోవద్దని డాలీ కూడా హెచ్చరించారు. ఇష్టం, సమానమైన మాట... ఈ రెండూ లేని రాజీ పునరుద్ధరణ కాదు, నోరు మూయించడం.

దీనికి 2020లో మన దేశంలోనే ఓ ఉదాహరణ దొరికింది. మహిళపై అసభ్యంగా ప్రవర్తించిన కేసులో నిందితుడికి బెయిలిస్తూ, బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్ హైకోర్టు షరతు పెట్టింది. నొచ్చిన మనిషి ఇంటికే, ఆమెకు ఇష్టమో కాదో అడగకుండా నిందితుణ్ని పంపడమా? 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. అత్యాచారం కేసుల్లో రాజీ మాటే ఎత్తకూడదని అంతకుముందు 2013లోనే చెప్పింది.

మరి మన చట్టాల్లో ఈ న్యాయానికి చోటుందా? కొద్దికొద్దిగా. ఖైదీల కూలి డబ్బుల్లోంచి కొంత తీసి బాధితులకు చేర్చేలా చట్టం చేయాలని 1998లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు సూచించింది. బాధితులకు పరిహారం ఇచ్చే పథకాలకు 2008 నాటి సవరణ దారి వేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. కొన్ని కేసుల్లో ఇరుపక్షాలూ రాజీపడే వీలు ముందునుంచీ ఉంది. కానీ డబ్బు ముట్టడం, కాగితం మీద సంతకాలు పడటం వేరు. మనిషి ఎదుట మనిషి కూర్చుని మాట్లాడటం వేరు. ఆ రెండోదానికి మన కోర్టుల్లో సిద్ధం చేసే మనుషులూ తక్కువే, సమయమూ తక్కువే.

మద్రాసు విశ్వవిద్యాలయంలో 1965 నుంచీ నేరశాస్త్ర విభాగం ఉంది. బాధితుల గురించి చదివే 'విక్టిమాలజీ'కి 1992లో దేశంలో ఓ ప్రత్యేక సంఘం ఏర్పడింది. బెంగళూరులోని ఎన్‌ఫోల్డ్ లాంటి స్వచ్ఛంద సంస్థలు చట్టంతో తగవు పడిన పిల్లలతో ఈ పద్ధతిలో పనిచేస్తున్నాయి. ఇవన్నీ ఇంకా తొలి అడుగులే.

కోర్టు చెప్పకుండానే, ఎవరూ పిలవకుండానే ఇలాంటి భేటీ ఒకటి మన దేశంలోనూ జరిగింది. 2008 మార్చిలో ప్రియాంకా గాంధీ వేలూరు జైలుకెళ్లి, తన తండ్రి హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న నళినిని కలిశారు. సంగతి బయటికొచ్చాక, తాను చవిచూసిన హింసతో, వియోగంతో రాజీపడి మనశ్శాంతి పొందడానికే వెళ్లానని ఆమె చెప్పారు. వెళ్లాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. అందుకే దానికంత విలువ. అయితే దేశమంతా తెలిసిన కుటుంబానికి తెరుచుకున్న ఆ జైలు తలుపు, గొలుసు పోగొట్టుకున్న గృహిణికి తెరుచుకుంటుందా?

వాయిదాల మీద వాయిదాలు పడ్డాక ఎప్పటికో ఆమె కేసు తీర్పు వస్తుంది. దొంగకు శిక్ష పడొచ్చు, పడకపోవచ్చు. 'మీకేం కావాలమ్మా?' అని మాత్రం ఆమెను ఎవరూ అడగరు. నేరశాస్త్రం చదివే కొత్త తరం ముందుగా నేర్చుకోవాల్సింది ఆ ప్రశ్న అడగడమే. అడిగాక... జవాబు పూర్తయ్యేదాకా ఓపిగ్గా వినడం!